ఆఖరి డబ్బా దాటేదాకా

హైమావతి గురించి చెప్పేముందు ఆమె పేరు హైమావతి అని చెప్పుకోవాలి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆ సంగతి తెలిసినవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. తెలుగువాళ్ళకి ఆమె మూర్తి గారావిడ. హిందీవాళ్ళకి మూర్తి భాభీ. కూరలబండి అతను ఇంకో మెట్టు దిగి ‘మూర్తి క్వార్టర్‌వాలీ’ అంటాడు. అంటే ఆమెకంటే క్వార్టరుకే పరపతి ఎక్కువన్నమాట.

మూర్తి అంటే రమణమూర్తి. పట్టాలు చూసుకునే గ్యాంగులో ట్రాక్‌మన్‌గా చేసేవాడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కుంటూ గుండె ఆగి పోయాడు. ఆ ఉద్యోగం భార్యకి ఇచ్చారు. గునపం అతనిదే, గ్యాంగు అతనిదే, డ్యూటీలో వేసుకునే నారింజరంగు జాకెట్టు కూడా మొదటి ఆర్నెల్లూ అతనిదే, ఆమెకి మోకాళ్ళదాకా వేలాడేది. వాటితోపాటు పేరు కూడా అతనిదే వచ్చేసింది. మూర్తి మంచివాడు, ఆ మాట హైమావతి ఎవరి ముందైనా ఒప్పుకుంటుంది. కానీ పొద్దున్నే హాజరులో ‘మూర్తి గారావిడ’ అని పిలిస్తే ‘ఆఁ’ అని పలకడం తొమ్మిదేళ్ళపాటు చేసి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

హాజరు పిలిచేది గ్యాంగుకి పెద్ద, మేట్ అప్పలస్వామి. తాతలనాడు పార్వతీపురం వైపునుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఇంజను హారనుకి పోటీ. పన్నెండు మంది కలిసి పట్టా ఎత్తాలంటే అందరి బలం ఒక్క క్షణంలో పడాలి, అందుకని మేట్ ఒక మాట అంటాడు, తక్కినవాళ్ళు ‘హైసా’ అని ఒక్కసారి ఎత్తుతారు. ఆ మాటలు అప్పలస్వామి అప్పటికప్పుడు కట్టేస్తాడు. ‘సుఖీరాం సోయా’ అంటే ‘హైసా’. ‘బీవీ నే ధోయా’ అంటే ‘హైసా’. నిద్రపోతే పెళ్ళాం ఉతికేసిందన్న ఆ పాటకి సుఖీరాం కూడా నవ్వుతూనే ఎత్తుతాడు. గ్యాంగులో అందరి పేర్లూ ఏదో ఒకరోజు ఆ పాటలోకి ఎక్కాయి, ఒక్క హైమావతిది తప్ప. ఆడమనిషి పేరు నలుగురి నోళ్ళలో పెడితే బాగుండదని అప్పలస్వామి మర్యాద. ఆ మర్యాద నీకు కావాలా అని ఆమెని ఎవరూ అడగలేదు.

కిందటేడు రైల్వే వారోత్సవాల్లో నలభై దాటిన ఆడవాళ్ళకి నడక పందెం పెట్టారు. హైమావతి మొదట వచ్చింది. రెండో ఆవిడ కనుచూపు మేరలో లేదు. స్టేజీ ఎక్కింది, మైకు గొంతు సవరించుకుంది, ‘మిసెస్ రమణమూర్తి’ అంది. స్టీలు టిఫిన్ డబ్బా చేతిలో పెట్టారు. ఆ డబ్బా ఇంటికి తెచ్చి అలమారా మీద పెట్టింది, ఇవాళ్టిదాకా అందులో ఒక్క అటుకు పోసింది లేదు.

అలాంటి మనిషి ఇంటికి కూతురు ప్రత్యూష ఒక కాగితం తెచ్చింది. ప్రత్యూష బీకాం ఆఖరి సంవత్సరం, తెలుగు మాట్లాడుతుంది కానీ మధ్యలో హిందీ దిగబడిపోతుంది. ఊళ్ళో ఏదో పరుగుల క్లబ్బు వాళ్ళు మొదటిసారి మారథాను పెడుతున్నారట. కాగితం హిందీలో ఉంది. ఆరు గంటల్లో పూర్తిచేసిన ప్రతి ఒక్కరి పేరూ గీత దాటేటప్పుడు మైకులో చదువుతామని అడుగున రాసుంది.

“ఎవలి పేరు?” అంది హైమావతి.

“ఫారంలో ఏది రాస్తే అదే మమ్మీ. ఖుద్ కా నామ్, నీ పేరే.”

“ఎంత దూరం?”

“బయాలీస్ కిలోమీటర్. నలభై రెండు.”

హైమావతి వేళ్ళు మడిచింది. డ్యూటీలో ఆమె నడిచే బీటు పోనూ రానూ పన్నెండు కిలోమీటర్లు. “మూడున్నర బీట్లు. రోజూ నడిచీదే కాదేటి” అంది. ఫారం మీద తన పేరు తనే, తొందరలేకుండా రాసింది. భర్త పేరు అని ఉన్నచోట ఒక అడ్డగీత పెట్టి, గోడమీది మూర్తి ఫొటోకేసి చూసి, “నువ్వేటనుకోకు” అంది.

శిక్షణ మొదలైంది. ప్రత్యూష స్కూటీ మీద వెనక, హైమావతి ముందు. ఊపిరికి లోటు లేదు, కాళ్ళకి లోటు లేదు. లోటంతా రైళ్ళతో వచ్చింది. బిలాస్‌పూర్‌లో రైలు కంటపడకుండా పరిగెత్తాలంటే నూతిలోకి దిగి పరిగెత్తాలి. లైను మీద పనిచేసేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. బండి వస్తే పక్కకి తప్పుకుని, దానికి ఎదురుగా నిలబడి, చక్రాలు చూడాలి. ఏదైనా వేలాడుతోందా, ఎక్కడైనా పొగ వస్తోందా, ఇరుసు కాలుతోందా. ఆఖరి డబ్బా మీద గుర్తు కంటపడేదాకా కదలకూడదు. ఆఖరి డబ్బా కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు, మధ్యలో ఎక్కడా తెగిపోనట్టు. అప్పుడు గార్డు పచ్చజెండా చూపిస్తాడు, మనం పచ్చజెండా చూపించాలి, అంతటితో ఆ బండి బాధ్యత తీరుతుంది.

ఇదంతా డ్యూటీలో. కానీ హైమావతి కాళ్ళకి డ్యూటీ ఎప్పుడో, సెలవెప్పుడో తెలిసేది కాదు. హారన్ వినపడగానే ఆగిపోయేవి. పదినిమిషాలు పరుగు, నాలుగు నిమిషాలు రైలు.

“మమ్మీ, తూ డ్యూటీ పే నహీ హై. పరిగెత్తుతూ చూడొచ్చు కదా.”

“పరిగెత్తుతా సూస్తే సక్రం కనబడతాదా? నాను ఆపట్లేదే. కాలు అదే ఆగిపోతంది.”

“పోటీ రోజు కూడా ఇలాగే ఆగుతావా? ఆరు గంటలు దాటితే మైక్ లేదు, నామ్ లేదు.”

హైమావతి పోటీ రోజున ఏ బండినీ చూడనని కూతురి నెత్తిమీద చెయ్యిపెట్టి ఒట్టేసింది.

జనవరి మూడో ఆదివారం పోటీ. శనివారం సాయంత్రం ప్రత్యూష ఫోను చూసి, పొద్దున పొగమంచు ఉంటుందిట, అంతే, అంది. హైమావతి పెరట్లోకి వెళ్ళి గాలికి ముఖం పెట్టి నిలబడింది. ఫోనుకి తెలిసిన వాతావరణం ఫోనుది. ఎండాకాలం పట్టాలు వంకర తిరుగుతాయని ఎండలో, చలికాలం విరుగుతాయని చలిలో, వానాకాలం గట్టు కొట్టుకుపోతుందని వానలో తిరిగే మనిషికి ఇంకో లెక్క ఉంటుంది. తూర్పుగాలి తిరిగింది, మోకాలు చిన్నగా సలుపుతోంది. “మంచొక్కటే కాదు. వానుంది. తొమ్మిది దాటినాక” అంది.

ఆ రాత్రే సరంజామా తయారైంది. పాత పేపర్లు, రెండు పాలిథీన్ కవర్లు, పాదాలకి ఆవనూనె, మూటలో బెల్లమూ వేపిన శనగలూ. వీటన్నిటికీ ప్రత్యూష తలూపింది. చుట్టచుట్టిన ఎర్రజెండా, పచ్చజెండా కూడా నడుముకి దోపుకోవడం చూసి మాత్రం నడుమ్మీద చేతులు పెట్టుకుంది.

“యే క్యా హై?”

“ఇయి లేకపోతే సెయ్యి బోసిగా ఉంటాదే.”

“ఒట్టు?”

“ఒట్టు ఒట్టే. జెండాలు జెండాలే.”

పొద్దున అయిదున్నరకి, పోటీ మొదలయ్యే వేళకి, మైదానంలో మంచు ఎలా ఉందంటే, పక్కమనిషి దగ్గితే తప్ప ఉన్నాడని తెలియడం లేదు. రెండువందల మంది దాకా ఉన్నారు. ఎక్కడెక్కడి కొత్త జోళ్ళు, నల్లకళ్ళద్దాలు. ఆ మంచులో నల్లకళ్ళద్దాలు దేనికో పెట్టుకున్నవాళ్ళకే తెలియాలి. హైమావతి సల్వారు కమీజు మీద డ్యూటీ జాకెట్టు తొడిగి, లోపల గుండెకీ వీపుకీ పేపర్లు అడ్డంపెట్టుకుంది. కదిలితే బరబరమని చప్పుడు. తల్లీకూతుళ్ళ తెలుగు విని ఒక కుర్రవాడు దగ్గరికొచ్చాడు. పేరు రాకేష్, వరంగల్‌వాడు, బొగ్గు కంపెనీ ఆఫీసులో ఇంజనీరు. చేతికి అరచేయంత గడియారం. ఇది అతనికీ మొదటి మారథానే.

“మీ స్ట్రాటజీ ఏంటి ఆంటీ?” అన్నాడు.

“పొద్దున్న ఎల్లాలి, మజ్జాన్నం లోపు వచ్చీయాలి.”

రాకేష్ ఆలోచించి, అంతకంటే మంచిది తన దగ్గరా లేదన్నాడు.

ఊరి శివారు మంగ్లా దాటేదాకా ఎవరికీ ఏమీ కనబడలేదు. కిలోమీటరు బోర్డులు మంచులో మునిగిపోయాయి. కొందరు కంగారుపడి ముందే ఊపిరి ఖర్చుపెట్టేశారు. హైమావతి తన అడుగులు తను లెక్కపెట్టుకుంటూ, కాసేపు పరుగు, కాసేపు బీటు నడక, బరబరమంటూ పోయింది. బెల్తరా రోడ్డులో సగం దూరం దగ్గర వెనక్కి తిరగాలి. అక్కడికొచ్చేసరికి నల్లకళ్ళద్దాలు నలుగురైదుగురు రోడ్డు పక్కన కూర్చుని టీ తాగుతూ కనిపించారు. ఆమె వాళ్ళని ఏమీ అనలేదు, మనసులో మాత్రం అనుకుంది.

తొమ్మిదింబావుకి వాన దిగింది. చినుకు చినుకుగా కాదు, తలమీద ఎవరో బిందె బోర్లించినట్టు. వెనకే గాలి. ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర రాకేష్ పలచటి చొక్కాలో పెదాలు నీలమై, జనాన్ని ఎక్కించుకుపోయే వ్యానుకోసం చూస్తూ నిలబడి ఉన్నాడు.

“నావల్ల కాదాంటీ.”

“కూకుంటే సలి పట్టుకుంటాది. లేదంటే జరవం పట్టుకుంటాది. నడిస్తే ఏదీ పట్టుకోదు” అంటూ, ఒక పాలిథీన్ కవరు ముందే జాకెట్టు కింద తొడుక్కున్న హైమావతి రెండోదానికి పళ్ళతో మూడు కన్నాలు పెట్టింది, తలకొకటి, చేతులకి రెండు. లోపలనుంచి పొడి పేపరు తీసి అతని గుండెకి అడ్డంపెట్టింది. నోట్లో బెల్లం ముక్క కుక్కింది. “ఇప్పుడు నడూ.”

ఇంజనీరు నడిచాడు. పది నిమిషాలకి పరిగెత్తాడు. ఇద్దరూ బరబరమంటూ, ఆగినవాళ్ళని ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చారు. ముప్ఫయ్యెనిమిదో కిలోమీటరు బోర్డు దగ్గర రాకేష్ గడియారం చూసి, ఇంకా నలభై నిమిషాలున్నాయాంటీ, అరగంట చాలు, అన్నాడు. హైమావతికి ఒళ్ళు తేలికైపోయింది. మైకులో తన పేరు ఎలా వినపడుతుందో అనుకుంది. హై అని కాస్త సాగదీస్తారా, వతి దగ్గర ఆపుతారా.

అక్కణ్ణుంచి రోడ్డు రైలు లైను పక్కనే పోతుంది.

మొదట ఒక ప్యాసింజరు వచ్చింది. హైమావతి మెడ బిగించి, ముందు పోతున్న రాకేష్ వీపునే చూస్తూ పరిగెత్తింది. బండి పోయింది. ఒట్టు నిలిచింది. కానీ ప్రాణం మాత్రం వెనకే ఉండిపోయింది. ఆఖరి డబ్బా చూడలేదు కాబట్టి ఆమె లెక్కలో ఆ బండి ఇంకా పూర్తిగా పోనట్టే. నడుములో జెండా పనిలేకుండా తడిసింది. నిమ్మళం లేదు.

అయిదు నిమిషాలకి మళ్ళీ హారన్. ఈసారి బొగ్గుబండి. వానలో రెండింజన్లు మూలుగుతూ, నెమ్మదిగా, అడుగులో అడుగేస్తూ వస్తోంది. హైమావతి ఒక అడుగు వేసింది, రెండు వేసింది. మూడోది పడలేదు. అలాంటి వానలో, అలాంటి చలిలో చూడని బండి రాత్రికి తనని పడుకోనివ్వదని ఆమెకి తెలుసు. గట్టువైపు తిరిగి నిలబడింది.

“ఏమైందాంటీ? కాలు పట్టేసిందా?” రాకేష్ వెనక్కి వచ్చాడు.

“బండి సూడాలి బాబూ. నువ్వెల్లు.”

“ఇప్పుడా?”

“మరి బండి ఇప్పుడొచ్చింది కాదేటి. నువ్వెల్లు, నాను ఎనకాల వస్తాను.”

రాకేష్‌కి ఏమీ అర్థం కాలేదు. అయినా పొద్దున్నుంచీ ఆమె చెప్పినవన్నీ విన్నందుకే ఇక్కడిదాకా వచ్చాడు కాబట్టి ఇదీ విని పరిగెత్తాడు.

డబ్బాలు దాటుతున్నాయి. ఇరవై, నలభై, యాభై ఎనిమిది. మామూలు బొగ్గుబండైతే అక్కడికి అయిపోవాలి. అవలేదు. మధ్యలో ఇంకో ఇంజను, దాని వెనక మళ్ళీ డబ్బాలు. రెండు బళ్ళు కలిపి కట్టి పంపిన పొడుగు బండి అది. హైమావతి పళ్ళు బిగించి చక్రాలు చూస్తోంది. తొంభై దాకా వచ్చి, కీచుమని ఆ బండి ఆగిపోయింది. ముందు సిగ్నలు లేదు కాబోలు.

ఇది చూడండి ఆమె అదృష్టం. బండి కదలదు. ఆఖరి డబ్బా వానలో ఎక్కడో వెనక ఉంది, కనబడదు. రెండు మూడు కిలోమీటర్లలో మైకు ఉంది, పేరు ఉంది. తొమ్మిదేళ్ళ ‘ఆఁ’కి జవాబు ఉంది. వెనకపడ్డవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోతున్నారు. ఒకావిడ జాలిగా ‘కమాన్ దీదీ’ అని కూడా అంది. హైమావతి ఇంజనునీ, సిగ్నలునీ, రెండు బళ్ళు కలిపి కట్టినవాణ్ణీ తిట్టింది. కాళ్ళని తిట్టింది. కదలలేదు. పది నిమిషాలకి బండి కదిలింది. తొంభై ఒకటి, తొంభై రెండు... చక్రాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. వేలాడేది లేదు, కాలేది లేదు, పొగ లేదు. ఒక్క వంక లేదు ఆ బండికి. ఆఖర్న గార్డు ఉండే బ్రేకువ్యాను, దాని వెనక గుర్తు. రెయిన్‌కోటులో ఒక చిన్నవయసు గార్డు, గుండె మీద నంబరు కాగితంతో తడిసి నిలబడ్డ ఆడమనిషిని చూసి నోరు తెరిచాడు. హైమావతి పచ్చజెండా చాపింది. అతను నోరు మూసి పచ్చజెండా చాపాడు.

అప్పుడు పరిగెత్తింది. గడియారం లేకపోయినా, తెలుస్తోంది, అయిపోయిందని. ఏడుపొచ్చింది. వానలో ఏడవడంలో ఒక సుఖం ఉంది, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. కూతురి తలమీద వేసిన ఒట్టు పోయింది, పేరూ పోయింది. ఒక్క వంకైనా లేని బండి కోసం.

ఇక్కడ మైదానంలో జరిగింది తర్వాత ప్రత్యూష చెబితే తెలిసింది. గాలికి గీత దగ్గరి గుమ్మం కూలిపోయింది. అది గాలి ఊది నిలబెట్టే రబ్బరు గుమ్మం, కరెంటు పోగానే చచ్చిన ఏనుగులా పడింది. షాకు కొడుతుందని మైకు పెట్టెలో పెట్టేశారు. పదకొండున్నర అయ్యేసరికి క్లబ్బాయన అందర్నీ ఇళ్ళకి పొమ్మన్నాడు. సెలవు రోజని గ్యాంగంతా వచ్చి షామియానా కింద నిలబడి ఉంది. రాకేష్ అప్పుడే గీత దాటి, ఆంటీ రైలు చూస్తూ ఆగిపోయిందని రొప్పుతూ చెప్పాడు. ప్రత్యూష తల పట్టుకుంది. అప్పలస్వామి మాత్రం, “ఆగదేటి మరి?” అన్నాడు. క్లబ్బాయన దగ్గరికి వెళ్ళాడు.

“ఆఖరి డబ్బా రాలేదు బాబూ. ఆఖరి డబ్బా రాకండా బండొచ్చీసిందని రాసుకోడం మాకాడ లేదు.”

“దాదా, ఆరు గంటలు అయిపోయాయి.”

“అవనీయండి. లేటయిన బండి బండి కాదేటి?”

ఆయన ఏం జవాబు చెప్పాడో తెలియదు, ఈలోపు గ్యాంగువాళ్ళంతా షామియానా వెదుళ్ళు నాలుగు పీక్కొచ్చి కూలిన గుమ్మం కిందికి దూరారు.

హైమావతి మలుపు తిరిగేసరికి పన్నెండుకి పావు తక్కువ. మైదానం ఖాళీ. మైకు లేదు, దాని స్తంభమూ లేదు. మనసు రాయి చేసుకుని, నడవనా పరిగెత్తనా అనుకుంటూ గీతవైపు చూసింది. గుమ్మం లేస్తోంది. వంకరగా, ఒక పక్కకి ఒరిగి, నీళ్ళు కారుస్తూ లేస్తోంది. కింద నారింజరంగు జాకెట్లు.

“పానీ ఆయా” అని వినబడింది. ఆ గొంతు రైల్వే కాలనీ మొత్తానికి తెలుసు.

“హైసా.”

“తూఫాన్ ఆయా.”

“హైసా.”

ఒక్క క్షణం ఆగింది ఆ గొంతు. గొంతు సవరించుకున్నట్టు, ఎన్నాళ్ళనుంచో దాచుకున్న మర్యాద పక్కన పెడుతున్నట్టు. తర్వాత మైదానం దద్దరిల్లింది.

“హైమావతి ఆయీ.”

“హైసా.”

“అరే హైమావతి ఆయీ.”

“హైసా.”

హైమావతి ఆగిపోయింది. ఎవర్నో పిలుస్తున్నారు అనుకుని, అలవాటు చొప్పున, వెనక్కి తిరిగి చూసింది.

వెనక ఎవరూ లేరు. రోడ్డు పొడుగునా వాన తప్ప ఇంకేమీ లేదు. అంటే ఆఖరి డబ్బా తనే, ఆ పేరూ తనదే. చేతిలో తడిసిన పచ్చజెండా విదిల్చి చాపి పట్టుకుని, ఏడుస్తూనే, బరబరమంటూ పరిగెత్తింది.